ఒకే విషయం, ఎవరికి ఎలా రాయాలి? తెలుగులో రాసేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

అర్జీ రాయాలన్నా, అపార్ట్‌మెంట్ నోటీసు బోర్డు మీద రెండు ముక్కలు పెట్టాలన్నా, రైతులకి కరపత్రం వేయాలన్నా చాలామందికి చెయ్యి ఆగేది ఒకేచోట. ఏం చెప్పాలో తెలుసు, ఎలా చెప్పాలో తోచదు. ఇలాంటి రాతపనులు చేసేవాళ్లు, చేయించుకునేవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలకి ఇక్కడ జవాబులు రాశాను. వీటన్నిటి వెనకా నా నమ్మకం ఒక్కటే: చదివినవాళ్లు ఆ తర్వాత ఏం చేయాలో మనకి స్పష్టంగా ఉంటే శైలి, స్వరం చాలావరకు వాటంతట అవే కుదురుతాయి.

మనిషిని బట్టి రాత మారిస్తే అది మాట మార్చడం అవదా?

అవదు, మారకూడనివి మారనంతవరకు. తేదీలు, అంకెలు, ఎవరు ఏం చేశారు, ఇంకా తేలనిదేమిటి, ఇవి ఎవరికి రాసినా ఒకేలా ఉండాలి. కలెక్టరుకి ‘గోడ కూలింది’ అని రాసి, ఊళ్లోవాళ్లకి ‘గోడ కూల్చేశారు’ అని రాస్తే రెంటిలో ఒకటి అబద్ధం.

మారేవి వేరే ఉన్నాయి. ఏది ముందు చెప్పాలి, ఎంత వివరంగా చెప్పాలి, చదివేవాళ్లని ఏమని పిలవాలి, వాక్యం చివర క్రియ ఎలా పెట్టాలి. మన భాషలో స్వరం ఎక్కువగా ఆ చివరి క్రియలోనే పలుకుతుంది. ‘నీటిపన్ను కట్టాలి’ అంటే నియమం చెప్పినట్టు. ‘కట్టండి’ అంటే ఎదురుగా నిలబడి అడిగినట్టు. ‘కట్టగలరు’ అంటే ఆఫీసు మర్యాద. ‘కట్టేద్దాం’ అంటే నేనూ మీలో ఒకణ్ణే అన్నట్టు. నాలుగింటి అర్థమూ దాదాపు ఒకటే, కానీ విన్నవాడి మనసులో నాలుగూ నాలుగు రకాలుగా పడతాయి.

రాయడం మొదలుపెట్టే ముందు చదివేవాళ్ల గురించి ఏం తెలుసుకోవాలి?

వయసు, చదువు, ఉద్యోగం అని చాలామంది చెబుతారు. అవి పనికొస్తాయి గానీ, నేను ముందు చూసేవి మూడు. చదివాక వాళ్లు చేయాల్సిన పని ఏమిటి? ఎక్కడ, ఎంతసేపు చదువుతారు? ఈ విషయం వాళ్లకి ముందే ఎంత తెలుసు? మండల ఆఫీసులో సూపరింటెండెంటు టేబుల్ మీద మన కాగితంతోపాటు ఇంకా చాలా కాగితాలుంటాయి. బస్టాపులో పోస్టరు చూసేవాళ్లకి బస్సు వచ్చేదాకానే టైమ్. వాట్సాప్‌లో చదివేవాళ్లు పైన కనిపించే రెండు లైన్లు చూసి తెరవాలో వద్దో తేల్చుకుంటారు. ముగ్గురూ డిగ్రీ చదివినవాళ్లే అయినా ముగ్గురికీ ఒకే పేరా సరిపోదు.

ఒక్క ఉదాహరణ పూర్తిగా చూపిస్తారా?

ఒక ఊళ్లో వానకి జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల ప్రహరీ గోడ రోడ్డు వైపు 40 అడుగుల మేర కూలిందనుకుందాం. పశువులు లోపలికి వస్తున్నాయి, పిల్లలు ఇంటర్వెల్‌లో రోడ్డు మీదికి పోతున్నారు.

మండల విద్యాధికారికి రాసే ఉత్తరం ఇలా ఉంటే చాలు: “విషయం: పాఠశాల ప్రహరీ గోడ తిరిగి కట్టించడం గురించి. ఈ నెల 12న కురిసిన వానకి మా పాఠశాల ప్రహరీ రోడ్డు వైపు 40 అడుగుల మేర కూలిపోయింది. విరామ సమయంలో పిల్లలు రోడ్డు మీదికి వెళుతున్నారు. ఇంజనీరును పంపి అంచనా వేయించాలని, గోడ పూర్తయ్యేదాకా తాత్కాలికంగా కంచె వేయించాలని కోరుతున్నాము. ఫొటోలు, పాఠశాల యాజమాన్య కమిటీ తీర్మానం జతచేశాము.” ఆ అధికారి మన ఉత్తరాన్ని పట్టుకుని ఫైలులో నోట్ రాయాలి, పైకి పంపాలి. ఆ నోట్‌కి కావలసినవన్నీ ఇందులో దొరుకుతాయి. ‘చిన్నారుల బంగారు భవిష్యత్తు’ లాంటి మాటలు ఇక్కడ అడ్డమే.

ఊరి వాట్సాప్ గ్రూపుకి ఇదే విషయం: “బడి గోడ రోడ్డు వైపు కూలింది. ఇంటర్వెల్‌లో పిల్లలు రోడ్డెక్కుతున్నారు. ట్రాక్టరు, బైకు నడిపేవాళ్లు బడి దగ్గర నెమ్మదిగా వెళ్లండి. ఆదివారం పొద్దున 7కి అందరం కలిసి ముళ్లకంచె వేద్దాం. గడ్డపార ఉన్నవాళ్లు తెచ్చుకోండి.” తీర్మానం సంగతి, ఇంజనీరు సంగతి ఇక్కడ అక్కర్లేదు. ఊళ్లోవాళ్లు చేయగలిగిన పనులు రెండు, అవి ఉన్నాయి.

పత్రిక విలేకరికి పంపే కాగితంలో విశేషణాలు తీసేయాలి. ఎక్కడ, ఎప్పుడు, ఎంతమేర, బడిలో ఎంతమంది పిల్లలు, అర్జీ ఏ తేదీన ఎవరికి ఇచ్చారు, మాట్లాడటానికి ఎవరిని అడగాలి. ‘అధికారుల నిర్లక్ష్యం’ అని మనమే తీర్పు రాసి పంపితే, విలేకరి దాన్ని మళ్లీ విచారించుకోవాల్సి వస్తుంది. అర్జీ ఇచ్చిన తేదీ, ఇప్పటిదాకా ఎవరూ రాలేదన్న నిజం, ఈ రెండూ పక్కపక్కన పెడితే చదివేవాడికే తెలుస్తుంది.

అదే బడిలో చదివి ఇప్పుడు హైదరాబాద్‌లోనో డాలస్‌లోనో ఉన్న పూర్వ విద్యార్థులకి రాసేటప్పుడు కాస్త జ్ఞాపకం ఉండాలి, అది సహజం. గోడ పక్కన ఏ చెట్టు ఉండేదో ఒక్క మాట రాయండి. ఆ తర్వాత వెంటనే లెక్కలోకి వచ్చేయాలి: ఎంత కావాలి, ఎవరి ఖాతాలోకి, ఖర్చు వివరాలు ఎవరు పంపుతారు. ఇంకొక్క సంగతి. భారత పాస్‌పోర్టుతో బయట పనిచేస్తున్నవాళ్లు తమ సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపే డబ్బుని మన చట్టం విదేశీ విరాళంగా చూడదు. పరాయి దేశం పౌరసత్వం తీసుకున్నవాళ్లు పంపితే అది విదేశీ విరాళం కిందికి వస్తుంది, దానికి నియమాలు వేరు. ఈ తేడా ఉత్తరంలో ముందే రాయండి. పంపే మనసున్నవాళ్లు తర్వాత చిక్కుల్లో పడకూడదు.

ఇక పిల్లలకి, ప్రార్థన సమయంలో చదివే మాట: “గోడ కూలినచోటికి ఎవరూ వెళ్లకండి. ఇటుకలు ఇంకా జారుతున్నాయి. బంతి అటు పోతే పీఈటీ సార్‌కి చెప్పండి, మీరు వెళ్లకండి.” పిల్లలకి ప్రమాదం గురించి ఉపన్యాసం పట్టదు. బంతి అటు పోయినప్పుడు ఏం చేయాలో మాత్రం పడుతుంది, ఎందుకంటే బంతి అటు పోయి తీరుతుంది.

అధికారులకి రాయాలంటే గ్రాంథికం తప్పదా?

తప్పనిసరి ఏమీ కాదు. ‘తమ దివ్యసముఖమునకు విన్నవించుకొనునది ఏమనగా’ అని మొదలుపెట్టడం మర్యాద అనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు గారు బడిలో, పుస్తకంలో, పరీక్షలో జనం మాట్లాడే తెలుగు ఉండాలని ఏళ్ల తరబడి పోరాడారు. జయంతి రామయ్య పంతులు వంటి పెద్దలు గ్రాంథికమే ఉండాలని గట్టిగా నిలబడ్డారు. గిడుగు వారు పుట్టిన ఆగస్టు 29నే మనం తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. కథల్లోకి, పత్రికల్లోకి వాడుక భాష ఎప్పుడో వచ్చేసింది. అర్జీలోకి మాత్రం ఇంకా పూర్తిగా రాలేదు, అదే నాకు బాధ. ఎందుకంటే అర్జీ రాసుకోలేక వేరొకళ్ల చేత రాయించుకునేది బీదవాళ్లే. భాష వాళ్ల నోటికి దగ్గరగా ఉంటే తమ కాగితంలో ఏముందో వాళ్లకే తెలుస్తుంది.

ఉంచాల్సినవి ఉంచండి: పేరు, చిరునామా, తేదీ, విషయం, అంతకుముందు ఇచ్చిన అర్జీ ఉంటే దాని నంబరు, ‘గారికి’, చివర సంతకం. పాత పదాల్లో పనికొచ్చేవీ ఉన్నాయి. ‘తీర్మానం’, ‘జతపరచిన’, ‘విచారణ’ లాంటివి ఆఫీసులో రోజూ వాడేవే. క్రియలు మాత్రం ‘కోరుతున్నాను’, ‘ఇప్పించండి’ అని ఉంటే ఎవరి గౌరవమూ తగ్గదు.

సమాచార హక్కు దరఖాస్తుకి ఇంకో సూక్ష్మం ఉంది. 2005 నాటి ఆ చట్టం ప్రకారం దరఖాస్తు తెలుగులో రాయవచ్చు, సమాచారం ఎందుకు కావాలో కారణం చెప్పనక్కర్లేదు, మామూలుగా 30 రోజుల్లో జవాబు రావాలి. ఆఫీసు రికార్డులో ఉన్నదే వాళ్లు ఇవ్వగలరు. కాబట్టి ‘మా వీధి రోడ్డు ఎందుకు వేయలేదు?’ అని నిలదీసే బదులు ‘మా వీధి రోడ్డుకి మంజూరు చేసిన ఉత్తర్వు, అంచనా, కొలతల పుస్తకం నకళ్లు ఇవ్వండి’ అని అడగాలి. మొదటిదానికి జవాబు ఎగ్గొట్టడం తేలిక, రెండోదానికి కష్టం.

ఇంగ్లిష్ నుంచి తెలుగు చేసిన నోటీసులు ఎందుకంత బిగుసుకుపోయి ఉంటాయి?

వాక్యం కట్టుబడి ఇంగ్లిష్‌ది, మాటలు మాత్రం మనవి కాబట్టి. ‘చెట్ల కొమ్మల తొలగింపు పనుల నిమిత్తము రేపు విద్యుత్ సరఫరా నిలిపివేయబడును, వినియోగదారులు సహకరించగలరని కోరడమైనది’ అని రాస్తారు. ఎన్ని గంటలకో చివరిదాకా తెలియదు, ఒక్కోసారి అసలే ఉండదు. దీన్నే ఇంటికి వచ్చి చెప్పినట్టు రాస్తే: “రేపు మంగళవారం ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 1 దాకా కరెంటు ఉండదు. తీగలకి తగులుతున్న కొమ్మలు కొడుతున్నాం. నీళ్ల ట్యాంకు ముందే నింపుకోండి.” ‘బడును’ కనిపించిన ప్రతిచోటా ఆ పని ఎవరు చేస్తారో అడిగి, వాళ్లని కర్తగా పెట్టండి. నోటీసు సగం బాగుపడుతుంది.

ఆంధ్రలో ఒక మాట, తెలంగాణలో ఒక మాట. రైతుల కోసం ఒకే కరపత్రం వేయాలంటే ఎలా?

వీలుంటే రెండు వేయండి. ఖర్చు కొంచెమే పెరుగుతుంది, అర్థం కావడం చాలా పెరుగుతుంది. గోదావరి జిల్లాల్లో సార్వా, దాళ్వా అంటారు. తెలంగాణలో వానాకాలం, యాసంగి. కాగితాల్లో ఖరీఫ్, రబీ. ఆంధ్రలో పొలం కాగితం అడంగల్ అయితే తెలంగాణలో పహాణీ. వేరుశనగని తెలంగాణలో పల్లీ అంటారు, రాయలసీమలో కొన్నిచోట్ల శనక్కాయ, కొన్నిచోట్ల బుడ్డలు.

కొలతల దగ్గర మరీ జాగ్రత్త కావాలి. ఎకరానికి ఆంధ్రలో 100 సెంట్లు, తెలంగాణలో 40 గుంటలు. ‘ఎకరం వరి నాటడానికి 5 సెంట్ల నారుమడి’ అని తెనాలిలో రాస్తే సరిపోతుంది. కరీంనగర్‌లో అదే సంగతి ‘2 గుంటల నారుమడి’ అని రాయాలి. లెక్క ఒకటే. చదివిన రైతు ఆగి లెక్కేసుకోవాల్సిన అవసరం లేకుండా చేయడం మన పని.

వృత్తి పదాల విషయంలో భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో వచ్చిన మాండలిక వృత్తిపదకోశాలు, అంటే ఏ ప్రాంతంలో ఏ వృత్తివాళ్లు ఏ మాట వాడతారో చెప్పే నిఘంటువులు, గొప్ప సాయం. వ్యవసాయ పదాల సంపుటం 1962లోనే వచ్చింది. అది దొరక్కపోతే ఆ ఊరి రైతునే అడగండి, అంతకంటే మంచి నిఘంటువు లేదు.

ఒకే కాపీ తప్పదంటే, రెండు ప్రాంతాల మాటలూ మొదటిసారి పక్కపక్కన రాసి, ఆ తర్వాత ఎక్కువమందికి తెలిసినది వాడండి. ఇంకొక విన్నపం. ‘రైతు సోదరులారా’ అని మొదలుపెట్టకండి. నాట్లలో, కలుపు తీతలో వంగి పనిచేసేది ఎక్కువగా ఆడవాళ్లే. వాళ్లని మొదటి మాటలోనే పక్కన పెట్టేసిన కరపత్రం వాళ్లెందుకు చదవాలి?

చదువు తక్కువ ఉన్నవాళ్లకి తేలిగ్గా రాస్తే చిన్నపిల్లలకి చెప్పినట్టు ఉండదా?

తేలిక చేయాల్సింది వాక్యాన్ని. మనిషి తెలివిని తక్కువ అంచనా వేస్తే చదివేవాళ్లకి వెంటనే తెలిసిపోతుంది. అక్షరాలు కూడబలుక్కుని చదివే రైతుకి పురుగుల గురించి రాసేవాడికంటే ఎక్కువే తెలుసు. అతనికి కావలసింది మోతాదు. ‘లీటరు నీటికి 2 మి.లీ.’ అని రాస్తే సరైనదే, కానీ అతని చేతిలో ఉన్నది స్ప్రేయర్. ‘16 లీటర్ల ట్యాంకుకి 32 మి.లీ.’ అని కూడా రాయండి. అప్పుడు పొలం గట్టు మీద గుణకారం పని ఉండదు.

ఆరోగ్య విషయాల్లో ఇది ఇంకా ముఖ్యం. విరేచనాలవుతున్న బిడ్డకి ఓఆర్ఎస్ ప్యాకెట్ దొరకనప్పుడు ఇంట్లో కలిపే నీళ్ల గురించి ‘తగినంత ఉప్పు, పంచదార’ అని రాయడం ప్రమాదం. ఉప్పు ఎక్కువైతే బిడ్డకి హాని. “కాచి చల్లార్చిన నీళ్లు ఒక లీటరు. అందులో పంచదార 6 టీస్పూన్లు, ఉప్పు అర టీస్పూను. స్పూను మీద గుట్టగా రాకుండా అంచుకి సమంగా తీసుకోండి. బిడ్డకి కొంచెం కొంచెంగా తాగిస్తూ ఉండండి.” తెలంగాణకైతే పంచదార తీసి చక్కెర అని పెట్టండి. ఎప్పుడు ఆస్పత్రికి తీసుకెళ్లాలో కూడా అదే కాగితం మీద, పెద్ద అక్షరాల్లో ఉండాలి: బిడ్డ తాగలేకపోతున్నా, మత్తుగా పడి ఉన్నా, విరేచనంలో రక్తం కనిపించినా వెంటనే.

ఇంగ్లిష్ మాటలు ఎంతవరకు వాడొచ్చు?

జనం నోట ఏముంటే అది. బస్సు, టికెట్, ఆధార్, రీఛార్జ్, టెన్షన్ తెలుగే ఇప్పుడు. ‘చరవాణి’ అని రాస్తే అర్థమవుతుంది గానీ, అమ్మమ్మకి ఫోన్ మోసాల గురించి చెప్పే చోట అది పనికిరాదు. అలాగని ‘ఓటీపీ షేర్ చేయవద్దు’ అన్నా ఆవిడకి చాలదు. “బ్యాంకు నుంచి అని చెప్పినా సరే, మీ ఫోనుకి మెసేజ్‌లో వచ్చిన అంకెలు ఎవరికీ చెప్పకండి. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి” అంటే పని జరుగుతుంది. కాలేజీ కుర్రాళ్లకైతే ఓటీపీ అన్న మాటే చాలు.

‘మనం’ అనాలా, ‘మేము’ అనాలా? ‘మీరు’, ‘నువ్వు’ సంగతేమిటి?

అపార్ట్‌మెంట్ కమిటీ ‘మేము నిర్ణయించాము’ అని రాస్తే చదివేవాళ్లు బయట నిలబడ్డట్టు ఉంటుంది. ‘మనం మీటింగులో అనుకున్నట్టు’ అంటే లోపలికి వస్తారు. కానీ ఆ మీటింగుకి పిలవకుండా ‘మనం’ అని రాస్తే ఇంకా కోపం వస్తుంది, అప్పుడు ‘మేము’ అనడమే నిజాయితీ. బాధ్యత ఒప్పుకోవాల్సినచోట కూడా ‘మేము’ అనే రాయాలి.

పెద్దవాళ్లకి, పరిచయం లేనివాళ్లకి ‘మీరు’ ఎలాగూ తప్పదు. పారిశుద్ధ్య కార్మికులకి, వాచ్‌మన్‌కి, ఇంట్లో పనిచేసే ఆవిడకి పెట్టే నోటీసుల్లో హఠాత్తుగా ‘చెయ్యి’, ‘రావాలి’ అని ఏకవచనం, ఆజ్ఞ దిగిపోతాయి. అక్కడా ‘మీరు’ రాయండి. ఒకే పిల్లవాడికి ఉత్తరం రాస్తే ‘నువ్వు’లో ప్రేమ ఉంది. తరగతి మొత్తానికైతే ‘మీరు’.

అమెరికాలో, ఇంకెక్కడో పుట్టి పెరిగిన తెలుగు పిల్లలకి రాయాలంటే?

వాళ్లు తెలుగుని ముందు చెవితో నేర్చుకున్నారు, కంటితో తర్వాత. అందుకే పుస్తక భాష కంటే ఇంట్లో అమ్మానాన్నలు మాట్లాడే రూపాలు వాళ్లకి దగ్గర. సంధులు విడదీయండి: ‘ఇంకెక్కడికెళ్లాలనుకున్నాడో’ అన్న ఒక్క ముద్దని ‘ఇంకా ఎక్కడికి వెళ్లాలి అనుకున్నాడో’ అని రాస్తే పిల్ల చదవగలదు. ఒత్తులు ఎక్కువున్న మాటలు ఒకే వాక్యంలో గుంపుగా వేయకండి. విషయం మాత్రం వాళ్ల వయసుకి తగ్గట్టు ఉండాలి. పన్నెండేళ్ల పిల్లకి అక్షరాలు రావడం ఆలస్యమైందని ‘కాకి, నక్క’ కథే ఇస్తే చిన్నబుచ్చుకుంటుంది.

కోపంలో ఉన్నప్పుడు ఫిర్యాదు ఎలా రాయాలి?

కోపం మొత్తం ఒక కాగితం మీద రాసేయండి, పంపకండి. తర్వాత అందులోంచి కొన్న తేదీ, బిల్లు నంబరు, ఏం పాడైంది, ఎవరికి ఎప్పుడు చెప్పారు, మీకేం కావాలి (మార్చి ఇవ్వాలా, డబ్బు తిరిగి ఇవ్వాలా, బాగుచేయాలా) అన్నవి ఏరుకుని ఇంకో కాగితం మీదికి ఎక్కించండి. ‘మోసగాళ్లు’ అన్న మాట అక్కడే వదిలేయండి. రేపు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చెప్పాల్సి వచ్చినా, వినియోగదారుల కమిషన్‌కి వెళ్లాల్సి వచ్చినా ఆ రెండో కాగితమే చేతికొస్తుంది.

సంతాపం తెలిపేటప్పుడు?

చిన్నగా, మీ సొంత మాటల్లో. పోయినవాళ్ల గురించి మీకు తెలిసిన ఒక్క విషయం రాయండి. పది మందికి పంపిన చేతులు జోడించే బొమ్మ కంటే ‘మీ నాన్నగారు మా పెళ్లికి రాత్రంతా మేలుకుని వంటశాల చూసుకున్నారు’ అన్న వాక్యాన్ని ఆ ఇంటివాళ్లు దాచుకుంటారు.

రాసింది సరిపోయిందో లేదో ఎలా తెలుస్తుంది?

ఎవరికోసం రాశారో వాళ్లలో ఒకరికి ఇచ్చి చదివించండి. ‘అర్థమైందా?’ అని అడగకండి, మొహమాటానికి అందరూ ‘అయింది’ అంటారు. ‘దీన్నిబట్టి మీరు ఇప్పుడు ఏం చేస్తారు?’ అని అడగండి. వాళ్లు చెప్పేది మీరు అనుకున్నదానికి తేడాగా ఉంటే ఆ వాక్యం మార్చాలి. చాలాసార్లు వాళ్లు తిరిగి చెప్పిన తీరే బాగుంటుంది, అలాగే రాసుకోండి. చదవడం రానివాళ్లకి చేరాల్సిన విషయమైతే పైకి చదివి వినిపించండి. ఎక్కడ మీకు ఊపిరి అందలేదో అక్కడ వాక్యం తెగాలి. గోడ మీద అంటించేదైతే ప్రెస్సుకి ఇచ్చే ముందు ఒక కాపీ గోడకి పెట్టి, పది అడుగుల దూరంలో నిలబడి తేదీ, చోటు, ఫోన్ నంబరు చదవగలుగుతున్నారో లేదో చూడండి.